ఇంటి మూలమూలకూ వైఫై: గోడకు దారి, వాకిలికి తాళం

బొల్లారంలో రిసాలా బజారు దగ్గరి ఒక పాత ఇంటికి మేము వెళ్లేసరికి ఇషా నమాజు ముగిసి చాలాసేపయింది. వీధి మెట్ల మీద శాలువా కప్పుకొని, ఒళ్లో ల్యాప్‌టాప్‌ పెట్టుకొని ఆ ఇంటి అమ్మాయి కూర్చుని ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఆ బిడ్డ రాత్రి పదిన్నరలోగా కళాశాలకు ఒక అసైన్‌మెంటు పంపవలసి ఉంది. ఇంటి వెనుక భాగంలోని ఆమె గదిలో వైఫై అందదు. ముందుగదిలో తమ్ముడు, చెల్లెలు, టీవీ. ఇక మిగిలింది మెట్లే.

లోపలికి వెళ్లగానే దాదీమా అడిగిన మొదటి మాట ఇది: “ఆడపిల్ల రాత్రిపూట వీధి మెట్ల మీద కూర్చుని చదువుకోవాలా బేటా? నెలనెలా అంత డబ్బు కడుతున్నది దేనికి?”

ఆమె బాధ మనవరాలి గురించి మాత్రమే కాదు. ఆమె కుమారుడు దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ప్రతి శుక్రవారం అక్కడి నుంచి వీడియో కాల్‌ వస్తుంది. దాదీమా మంచం వెనుక గదిలో ఉంది. అక్కడ కొడుకు ముఖం కనిపించి, రెండు మాటలు వినిపించి, బొమ్మ బిగుసుకుపోతుంది. మోకాళ్ల నొప్పులతో ఆమె ముందుగదికి నడిచి వచ్చేలోగా ఆయన విరామ సమయం అయిపోతుంది. ఈ ఇబ్బంది పోవాలని ఆ ఇంటివారు ఇప్పటికే రెండుసార్లు ఎక్కువ వేగం గల ప్లానుకు మారారు. 40 ఎంబీపీఎస్‌ నుంచి 100కు వచ్చారు. 200కు మారుదామా అని అడిగేందుకే మమ్మల్ని పిలిపించారు.

మారవద్దని మేము చెప్పాము. ఎందుకు వద్దన్నామో, దానికి బదులు ఏమి చేశామో పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. ఒక ఫోను, ఒక కంప్యూటర్‌ ఉన్న రోజులు పోయాయి. ఆ ఇంట్లో కూర్చుని లెక్కపెడితే ఫోన్లు నాలుగు, ల్యాప్‌టాప్‌ ఒకటి, చిన్నపాప ట్యాబ్‌ ఒకటి, టీవీ ఒకటి, సీసీ కెమెరాలు రెండు, ప్రింటర్‌ ఒకటి, ఫోనుతో వెలిగించే బల్బు ఒకటి, మొత్తం పదకొండు తేలాయి. ఇవన్నీ ఒకే రౌటర్‌ మీద ఆధారపడి ఉన్నాయి.

లైను వేరు, వైఫై వేరు

‘నెట్టు రావడం లేదు’ అనే ఒక్క మాటలో మనం రెండు వేరువేరు విషయాలను కలిపివేస్తుంటాము. వీధి నుంచి ఫైబర్‌ తీగ ద్వారా రౌటర్‌ వరకు వచ్చేది ఇంటర్నెట్‌ లైను. రౌటర్‌ నుంచి మన చేతిలోని ఫోను వరకు గాలిలో వెళ్లేది వైఫై. లైను బావి వంటిదైతే, వైఫై ఆ నీటిని గదిగదికీ మోసే బిందె. బిందెకు చిల్లు పడితే బావిని ఎంత లోతుగా తవ్వినా వెనుక గదికి నీరు చేరదు.

లోపం ఎక్కడుందో తెలుసుకునే పరీక్ష చాలా సులభం. రౌటర్‌తో పాటు వచ్చే పొట్టి కేబుల్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి వేగం చూడాలి. తరువాత కేబుల్‌ తీసివేసి, అదే ల్యాప్‌టాప్‌తో వైఫై మీద ఒక్కొక్క గదిలో నిలబడి చూడాలి. ఆ ఇంట్లో కేబుల్‌ మీద కట్టిన డబ్బుకు తగినట్టు 95 దాకా వచ్చింది. ముందుగదిలో వైఫై మీద 80 వచ్చింది. వెనుక గదిలో రెండు కూడా దాటలేదు. అంటే లైనులో ఏ దోషమూ లేదు. ప్లాను 200కు పెంచినా ఆ వెనుక గది స్థితి మారదు.

అసలు అవసరం ఎంత అన్నది కూడా తెలుసుకోవాలి. ఒక వీడియో కాల్‌కు సుమారు 2 ఎంబీపీఎస్‌ చాలు. టీవీలో స్పష్టమైన వీడియోకు సుమారు 5, ఆన్‌లైన్‌ తరగతికి 2 లేదా 3, ఒక్కొక్క కెమెరాకు 1 లేదా 2 సరిపోతాయి. ఇవన్నీ ఒకేసారి నడిచినా 20 దాటదు. మొదట్లో ఉన్న 40 ప్లానే ఆ కుటుంబానికి చాలినంత. అనవసరంగా ఖర్చు పెట్టడం మనకు తగిన పని కాదు కదా!

గోడలు, బీరువాలు, నీళ్ల ట్యాంకులు

బొల్లారం కంటోన్మెంటు కాలం నాటి ఊరు. ఇక్కడి పాత ఇళ్ల గోడలు రాతితో, సున్నంతో కట్టినవి. మేము చూసిన ఇంట్లో నడిమి గోడ మందం ఒకటిన్నర అడుగు. వేసవిలో ఇల్లు చల్లగా ఉండటానికి కారణమైన ఆ గోడే వైఫై తరంగాన్ని సగం దారిలో మింగివేస్తుంది.

ఇళ్లలోని రౌటర్లు సాధారణంగా రెండు రకాల తరంగాలను వాడతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్‌, మరొకటి 5 గిగాహెర్ట్జ్‌. మొదటిదాని తరంగ దైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు, రెండవదానిది సుమారు 6 సెంటీమీటర్లు. 2.4 నెమ్మదిగా పనిచేసినా గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది. 5 వేగంగా పనిచేస్తుంది కాని రెండు గోడలు అడ్డు వస్తే చాలా బలహీనపడిపోతుంది. మన దేశంలో 2.4 పట్టీని 2005లో లైసెన్సు అవసరం లేని వాడకానికి వదిలారు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌ పట్టీలో 605 మెగాహెర్ట్జ్‌ మేర తరంగాలను కూడా అలాగే వదిలారు. అందుకే ఎవరి అనుమతీ కోరకుండా మనం ఇంట్లో రౌటర్‌ పెట్టుకోగలుగుతున్నాము. పొరుగువారూ అలాగే పెట్టుకుంటారు. ఇరుకు బస్తీలో పది రౌటర్లు ఒకే చోట మాట్లాడితే 2.4 పట్టీలో సంత గోల అవుతుంది. ఆ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడని దారులు 1, 6, 11 అనే మూడు చానళ్లు మాత్రమే.

గోడలతో పాటు మరికొన్ని అడ్డంకులు ఉన్నాయి. ఇనుప బీరువా, ఫ్రిజ్‌, పెద్ద అద్దం తరంగాన్ని వెనక్కు కొడతాయి. నీళ్ల ట్యాంకు, చేపల తొట్టి దానిని పీల్చుకుంటాయి. మైక్రోవేవ్‌ పొయ్యి కూడా 2.4 దగ్గరి తరంగాలతోనే పనిచేస్తుంది. కాబట్టి అది నడుస్తున్నంతసేపు చుట్టుపక్కల వైఫై తడబడుతుంది. ఆ ఇంట్లో రౌటర్‌ను అందంగా కనిపించకూడదని టీవీ వెనుక, బీరువా పక్కన, నేలకు జానెడు ఎత్తులో పెట్టారు. దానిని ఆరడుగుల ఎత్తున, తలుపుకు ఎదురుగా, బీరువాకు దూరంగా బిగించగానే నడిమి గదిలో వేగం రెట్టింపయింది. దానికి పైసా ఖర్చు కాలేదు. అయినా వెనుక గది మాత్రం అలాగే ఉండిపోయింది.

రాష్ట్రపతి నిలయంలోని వంటింటి సొరంగం

వెనుక గదికి దారి ఎలా అన్న ప్రశ్నకు జవాబు బొల్లారంలోనే ఉంది. 1860లో నిర్మించిన రాష్ట్రపతి నిలయంలో వంటశాల భోజనశాలకు దూరంగా, వేరుగా ఉంటుంది. వండిన పదార్థాలను ఎండలో, వానలో మోయకుండా రెండింటినీ కలుపుతూ నేల కింద సొరంగం నిర్మించారు. 2023 మార్చి నుంచి ఆ భవనాన్ని ఏడాది పొడవునా సందర్శకులకు తెరిచారు. చేర్యాల బొమ్మలతో అలంకరించిన ఆ సొరంగంలో నుంచి నడిచి వెళ్లవచ్చు. ఆ ఇంటి అబ్బాయి పాఠశాల యాత్రలో దానిని చూసి వచ్చాడు కూడా.

“గోడలను బలంతో దాటలేకపోతే లోపల నుంచి దారి వేసుకోవాలి. ఆ సొరంగం చేసింది అదే. మనకు కావలసింది కూడా అదే” అని మేము వాడితో అన్నాము. ఆ దారి పేరు క్యాట్‌ 6 కేబుల్‌. గోడకు చిటికెన వేలంత రంధ్రం చేస్తే చాలు. గోడ ఎంత మందమైనా తీగలో వెళ్లే సంకేతానికి లెక్క లేదు. ఈ కేబుల్‌ 100 మీటర్ల దూరం వరకు బలం తగ్గకుండా పనిచేస్తుంది. ఆ ఇంటికి 18 మీటర్లు సరిపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలామంది దుకాణంలో అడిగీ అడగగానే ‘రిపీటర్‌’ కొనేస్తారు. అది గాలిలో అందిన సంకేతాన్నే మళ్లీ గాలిలోకి పంపుతుంది. ఒకే తరంగం మీద వింటూ, చెబుతూ ఉంటుంది కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. పైగా, సంకేతం అందని గదిలోనే దానిని పెడితే అది మళ్లీ పంపడానికి ఏమీ ఉండదు. తీగ వేయడం ఏ విధంగానూ కుదరని అద్దె ఇళ్లలో రిపీటర్‌నో, మెష్‌ రౌటర్ల జతనో రెండు గదుల నడిమిన పెట్టుకోవచ్చు. తీగకు వీలున్న చోట తీగే మేలు.

ఒక శనివారం జరిగిన పని

ఆ ఇంట్లో పాత కనెక్షన్‌ నాటి రౌటర్‌ ఒకటి అటక మీద పడి ఉంది. దానినే వెనుక గదికి వాడాము. కేబుల్‌, కొన్ని క్లిప్పులు మాత్రం ప్యారడైజ్‌ దగ్గరి చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ నుంచి అబ్బాయి తెచ్చాడు. పని వరుస ఇది:

మొదట, పాత రౌటర్‌ వెనుక ఉన్న చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి పాత అమరికలన్నీ చెరిపివేశాము. తరువాత దానిని ల్యాప్‌టాప్‌కు కలిపి, దాని చిరునామాను 192.168.1.2గా మార్చాము. ముందుగది రౌటర్‌ చిరునామా 192.168.1.1. రెండింటికీ ఒకే చిరునామా ఉంటే గొడవ తప్పదు.

రెండవది, పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ అనే పనిని ఆపివేశాము. ఇంట్లోకి వచ్చిన ప్రతి పరికరానికీ ఒక నంబరు పంచిపెట్టే బాధ్యత అది. విందులో వడ్డించేవారు ఎందరున్నా టోకెన్లు ఇచ్చేవారు ఒక్కరే ఉండాలి. ఇద్దరు ఇస్తే ఒకే నంబరు ఇద్దరి చేతికి వస్తుంది.

మూడవది, ముందుగది రౌటర్‌లోని లాన్‌ రంధ్రం నుంచి వెనుక రౌటర్‌లోని లాన్‌ రంధ్రానికే కేబుల్‌ తగిలించాము. వేరే రంగులో ఉండే వాన్‌ రంధ్రాన్ని ఖాళీగా వదిలివేశాము. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

నాలుగవది, రెండు రౌటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్‌ పెట్టాము. 2.4 పట్టీలో ముందుదానికి చానల్‌ 1, వెనుకదానికి చానల్‌ 11 ఇచ్చాము. దాదీమా ఫోను పట్టుకుని వెనుక గదికి వెళితే అది దగ్గరి రౌటర్‌ను తానే అందుకుంటుంది. ఆమె ఏదీ నొక్కనవసరం లేదు.

ఇక ఒక్కొక్క పరికరం సంగతి. కదలని వస్తువుకు తీగ, కదిలే వస్తువుకు గాలి అన్నది మంచి సూత్రం. టీవీ రౌటర్‌ పక్కనే ఉంది కాబట్టి దానికి కేబుల్‌ వేశాము. వైఫైలో ఒక చానల్‌ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. మిగిలినవారు తమ వంతు కోసం ఆగాలి. ఎక్కువసేపు మాట్లాడే టీవీ తీగ మీదికి వెళ్లిపోతే మిగిలినవారికి వంతు త్వరగా వస్తుంది. కెమెరాలు, బల్బు మొదట కలవలేదు. ఇటువంటివి చాలావరకు 2.4 మాత్రమే అర్థం చేసుకుంటాయి. ఫోను 5 మీద ఉండటంతో అవి ఒకదానినొకటి గుర్తించలేదు. 5ను పది నిమిషాలు ఆపి, అవి కలిసిన తరువాత మళ్లీ తెరిచాము. ప్రింటర్‌కు రౌటర్‌లో ఒక స్థిరమైన నంబరు కేటాయించాము. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ల్యాప్‌టాప్‌ దానిని వెతుక్కోవలసి వస్తుంది.

కరెంటు కోతల కోసం 12 వోల్టుల చిన్న యూపీఎస్‌ ఒకటి ముందుగది రౌటర్‌కు తగిలించాము. కొనేముందు అడాప్టర్‌ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు యూపీఎస్‌ మీది అంకెలతో సరిపోతున్నాయో లేదో తప్పక చూడాలి.

పదకొండుకు బదులు పదహారు

పనంతా ముగిసిందనుకుంటూ రౌటర్‌ పుటలో ‘కలిసి ఉన్న పరికరాలు’ అన్న జాబితా తెరిచాము. ఇంట్లో ఉన్నవి పదకొండు. జాబితాలో ఉన్నవి పదహారు.

అబ్బాయి తల దించుకున్నాడు. మూడు ఫోన్లు వాడి స్నేహితులవి. గోడ అవతల కూర్చుని ఆటలు ఆడుకునేందుకు పాస్‌వర్డ్‌ వాడే ఇచ్చాడు. నాలుగవది పక్కింటివారి టీవీ. ఐదవది ఎవరిదో ఎవరికీ తెలియలేదు.

వాళ్ల అమ్మీకి కోపం వచ్చింది. దాదీమా మాత్రం, “పొరుగు పిల్లలకు మంచినీళ్లు ఇచ్చినట్టే కదా బేటా. నెట్టు ఇస్తే తప్పేమిటి? పొరుగువారి హక్కు మనమీద లేదా?” అన్నారు.

ఆ మాటను తేలికగా కొట్టివేయలేము. అయితే నీళ్లకూ నెట్టుకూ ఒక తేడా ఉంది. ఇచ్చిన నీళ్లు తాగినవారి కడుపులోకి పోతాయి. ఇచ్చిన నెట్టుతో వారు ఏమి చేసినా అది మన పేరు మీద నమోదవుతుంది. 2008 జూలైలో అహ్మదాబాద్‌ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు వెళ్లిన ఈమెయిలు నవీ ముంబయిలోని ఒక ఇంటి వైఫై ద్వారా వెళ్లింది. ఆ ఇంట్లో అద్దెకు ఉంటున్న విదేశీయుడికి దానితో ఏ సంబంధమూ లేదు. ఆయన వైఫైకి సరైన రక్షణ లేకపోవడంతో ఎవరో దానిని వాడుకున్నారు. అయినా పోలీసులు ముందుగా వచ్చింది ఆయన ఇంటికే. మరుసటి సంవత్సరం టెలికాం శాఖ వైఫై రక్షణపై సర్వీసు సంస్థలకు ఆదేశాలు జారీ చేసింది. చేయని తప్పుకు సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితిని మన ఇంటికి మనమే కొనితెచ్చుకోకూడదు.

మరి పొరుగు పిల్లల మాటేమిటి? దానికి మార్గం ఉంది. చాలా రౌటర్లలో ‘గెస్ట్‌ నెట్‌వర్క్‌’ అనే వేరు వాకిలి ఉంటుంది. అతిథి ముందుగదిలో కూర్చున్నట్టే, దానిలో కలిసినవారికి ఇంటర్నెట్‌ అందుతుంది కాని మన ల్యాప్‌టాప్‌, ప్రింటర్‌, కెమెరాల వైపు చూపు సాగదు. దానిని ముందుగది రౌటర్‌లో మాత్రమే తెరిచి, వేరే పాస్‌వర్డ్‌ పెట్టాము. ఇంటికి వచ్చిన చుట్టాలకు ఇచ్చేదీ అదే. ఆ ముగ్గురు పిల్లలు ఇకమీదట గోడ అవతల కాక, వరండాలో పెద్దల కళ్లెదుట కూర్చోవాలనీ, వారి తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పాలనీ దాదీమా తీర్పు చెప్పారు. పక్కింటివారితో అమ్మీ స్వయంగా మాట్లాడారు. తమ అబ్బాయి టీవీని కలిపిన సంగతి వారికే తెలియదు.

అసలు పాస్‌వర్డ్‌ను ఆ రోజే మార్చాము. నాలుగు సంబంధం లేని మాటలు, రెండు అంకెలు కలిపి ఇరవై అక్షరాలు దాటేలా పెట్టాము. రక్షణ పద్ధతిగా డబ్ల్యూపీఏ2ను ఎంచుకున్నాము. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3కు మీ పరికరాలన్నీ సరిపోతే అది ఇంకా మంచిది. ‘వెప్‌’ అనే పాత పద్ధతి మాత్రం 2001 నాటికే ఛేదింపబడింది. ఏ రౌటర్‌లోనైనా అది కనిపిస్తే వెంటనే మార్చాలి. మీట నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్‌ను ఆపివేశాము. మార్చిన తరువాత ఆ ఐదవ పరికరం మళ్లీ జాబితాలో కనిపించలేదు.

కెమెరా ఎవరి వైపు చూస్తోంది?

ఇంటి పెద్ద విదేశంలో ఉన్నారన్న జాగ్రత్తతో బిగించిన రెండు కెమెరాలలో ఒకటి గేటు వైపు, మరొకటి లోపలి అంగణం వైపు చూస్తున్నాయి. రెండింటికీ డబ్బా మీద అచ్చువేసి వచ్చిన పాస్‌వర్డే ఉంది. 2016లో ‘మిరాయ్‌’ అనే దుష్ట ప్రోగ్రాం ఇటువంటి అచ్చు పాస్‌వర్డ్‌లను సుమారు 60 జతలు వరుసగా ప్రయత్నించి, ప్రపంచమంతటా లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశం చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరులో వాటితో జరిపిన దాడికి అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి నిలిచిపోయాయి. ఆ కెమెరాల యజమానులకు అసలు సంగతే తెలియదు.

ఇతరుల ఇంట్లోకి వెళ్లేముందు సలాం చేసి, అనుమతి కోరి, లేదంటే వెనుదిరగడం మనకు చిన్ననాటి నుంచి నేర్పిన మర్యాద. ఇతరుల రహస్యాలను తొంగిచూడరాదన్నదీ మనకు తెలిసినదే. అటువంటప్పుడు మన ఇంటి స్త్రీలు తిరుగాడే అంగణాన్ని అచ్చు పాస్‌వర్డ్‌ వెనుక వదిలివేయడం ఎంతవరకు సమంజసం? రెండు కెమెరాల పాస్‌వర్డ్‌లు మార్చాము. వాటి ఫర్మ్‌వేర్‌ను తాజా చేశాము. రౌటర్‌ అమరికల పుటకు ఉన్న పాస్‌వర్డ్‌ను కూడా మార్చాము. అది వైఫై పాస్‌వర్డ్‌ కన్నా వేరైనదని చాలామందికి తెలియదు. అంగణం కెమెరాను వెనుక ప్రహరీ తలుపు వైపు తిప్పాము. దొంగ వచ్చే దారి చూడాలి కాని ఇంటివారి నడక కాదు.

పిల్లల పరికరాలకు రౌటర్‌లో వేళలు పెట్టే వీలు ఉంటుంది. చిన్నపాప ట్యాబ్‌కు రాత్రి తొమ్మిది, అబ్బాయి ఫోనుకు పది అని అమ్మీ నిర్ణయించారు. అక్క ల్యాప్‌టాప్‌కు హద్దు పెట్టలేదు. అబ్బాయి అలిగాడు. రౌటర్‌ ఆపగలిగేది ఇంటి వైఫైని మాత్రమే. ఫోనులోని సిమ్‌ డేటాను అది ఆపలేదు. మిగిలినది తల్లిదండ్రుల మాట, పిల్లల మనస్సు చూసుకోవలసిన విషయం.

పేర్లు, పాస్‌వర్డ్‌లు, ఏ రంధ్రంలో ఏ తీగ అన్నది ఒక నోటు పుస్తకంలో అమ్మాయి చేతనే రాయించాము. దాదీమా దానిని తన పెట్టెలో, ఇంటి కాగితాల పక్కన పెట్టుకున్నారు. ఆరు నెలలకు ఒకసారి ఆ జాబితా తెరిచి పరికరాలు లెక్కపెట్టడం ఇకమీదట అబ్బాయి బాధ్యత.

తరువాతి శుక్రవారం అసర్‌ నమాజు తరువాత దమ్మామ్‌ నుంచి కాల్‌ వచ్చింది. దాదీమా మంచం దిగలేదు. ఇరవై రెండు నిమిషాలు కొడుకుతో మాట్లాడారట. ప్లానును మళ్లీ 40కి తగ్గించారు. రాత్రిపూట ఆ వీధి మెట్లు ఇప్పుడు ఖాళీగా ఉంటున్నాయి.